యాప్ డిలీట్ చేస్తే ఆటోపే ఆగదు

మొన్న 5వ తారీఖున మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, బండి ఈఎంఐ బౌన్స్ అయిందంట, ఖాతాలో డబ్బులున్నాయి కదరా!" అని. ఈఎంఐ 4,180. 2వ తారీఖున ఖాతాలో 4,310 ఉంది. స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే 3న తెల్లవారుజామున 199 పోయింది. మిగిలింది 4,111. అంటే 69 రూపాయలు తక్కువైనందుకు బ్యాంకు 500, దాని మీద జీఎస్టీ కలిపి 590 గుంజింది. లోన్ కంపెనీ వాళ్ల పెనాల్టీ వేరే.

ఆ 199 ఏంటంటే, డిసెంబర్ ఆఖర్లో పిన్ని బాబాయి ఫోన్‌లో ఏదో సీరియళ్ల యాప్ వేసింది, ఒక్క రూపాయికి ట్రయల్ అంటే. మూడో రోజు నచ్చక యాప్ తీసేసింది. అయిపోయింది అనుకుంది.

అయిపోలేదు. ఆ ట్రయల్‌తో పాటే ఆటోపే, అంటే ప్రతిసారీ అడక్కుండా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, పెట్టేసింది. యాప్ డిలీట్ చేస్తే ఆటోపే ఆగదు. ఐపీఎల్ వచ్చిందంటే రెండు నెలల కోసం ఏదో ఒక ప్లాన్ తీసుకుని మర్చిపోయేవాళ్లు మన ఇళ్లల్లోనే బోలెడుమంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను.

పెట్టేటప్పుడు

పిన్ నొక్కే ముందు ఆ స్క్రీన్ మీద పైన పెద్దక్షరాల్లో 1 రూపాయి అని ఉంటుంది. చూడాల్సింది అది కాదు. కింద చిన్నక్షరాల్లో మూడు సంగతులు ఉంటాయి: గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ వరకు. మీరు పిన్ కొట్టేది ఆ మూడింటికి. రూపాయి ట్రయల్ అన్నచోట గరిష్ఠం 499 అని కనిపిస్తే అది 499 కి ఒప్పందమే, రూపాయి ఎర మాత్రమే.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 15,000 లోపు అయితే మొదటిసారి ఒప్పుకున్నాక ప్రతిసారీ ఓటీపీ అడగరు. ఇన్సూరెన్స్ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లుకైతే లక్ష దాకా అంతే. 15,000 అంటే కొందరికి నెల జీతం, గుర్తుపెట్టుకోండి.

ఆటోపేకి డెబిట్ కార్డు ఇస్తున్నారంటే, దాని వెనకాల ఉన్నది మీ సొంత డబ్బు. జీతమో పెన్షనో పడే ఖాతా, ఈఎంఐ కట్ అయ్యే ఖాతా ఇలాంటి ఆటోపేలకు ఇవ్వకండి. వేరే చిన్న ఖాతా ఒకటి పెట్టుకుని అందులో వెయ్యో రెండువేలో ఉంచండి.

ఆపేటప్పుడు

ఇక్కడే అందరూ దెబ్బతినేది. డెబిట్ కార్డుతో పెట్టాం అని మనం అనుకునేవి నిజానికి మూడు రకాలు. ఒకటి, నేరుగా కార్డు మీద పెట్టిన ఈ-మాండేట్ (మాండేట్ అంటే డబ్బు తీసుకోమని మనం ముందే ఇచ్చే అనుమతి): బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో కార్డుల విభాగంలో ఉంటుంది. రెండోది యూపీఐ ఆటోపే: ఏ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారో దాంట్లో 'ఆటోపే' అని వెతకాలి. మూడోది ఈ-నాచ్, ఈఎంఐలకు పెట్టేది. దానికి కార్డు నంబరు, ఓటీపీ అడుగుతారు గానీ అది మీరేనా అని చూసుకోవడానికే, మాండేట్ మాత్రం ఖాతా మీద పడుతుంది. అందుకే కార్డు బ్లాక్ చేయించి హాయిగా కూర్చున్నా లాభం లేదు. కార్డు పోయినా యూపీఐ ఆటోపే, ఈ-నాచ్ రెండూ నడుస్తూనే ఉంటాయి.

కాబట్టి ముందు మాండేట్ రద్దు చేయండి. రద్దయినట్టు కనిపించాక స్క్రీన్‌షాట్ తీయండి. యాప్ డిలీట్ చేయడం ఆ తర్వాత.

ఇంకా కొన్ని, వరసగా చెప్తాను:

- డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. బాబాయికీ వచ్చింది, 2వ తారీఖునే, నగల షాపు ఆఫర్ల మధ్య ఇంగ్లీషులో. ఎవరూ చదవలేదు.
- అమ్మానాన్నల ఖాతాకి మీ నంబరు ఇచ్చి ఉంటే ఆ మెసేజ్‌లు మీకే వస్తాయి, వాళ్లకు రావు. చదవాల్సింది మీరే.
- పాజ్ వేరు, క్యాన్సిల్ వేరు. పాజ్ నొక్కి వదిలేయొద్దు.
- రద్దు చేయడానికి డబ్బు కట్ అయ్యే ఆఖరి రోజు దాకా ఆగొద్దు.
- కోపంలో ఈఎంఐ మాండేట్ కూడా తీసేయొద్దు. అప్పు తీరేదాకా దాన్ని ముట్టుకోకండి, ఈఎంఐ తప్పితే సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని బ్యాంకులు చూసే మార్కు) పోతుంది.
- కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. "ఆటోపే క్యాన్సిల్ చేసిపెడతాం" అని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మోసపోయి డబ్బు పోయిందా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కొట్టండి.
- చేరడం ఒక్క నొక్కుడు, మానేయడానికి మాత్రం పది పేజీలు తిప్పడం: దీన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అని పేరు పెట్టి మరీ నిషేధించింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి.
- పిల్లలకు యూపీఐ పిన్ తెలిసి ఉంటే ఈరోజే మార్చండి.
- మళ్లీ చెప్తున్నా, యాప్ డిలీట్ చేస్తే ఆగదు. ఫోన్ మార్చినా ఆగదు. ఖాతాలో డబ్బులు లేకుండా చేసినా ఆగదు, డబ్బులు పడ్డాక మళ్లీ లాగుతారు.

బాబాయి ఫోన్‌లో ఆ రోజు వెతికితే ఇంకో రెండు బయటపడ్డాయి. ఒకటి మా మేనల్లుడు సెలవులకొచ్చినప్పుడు పెట్టిన గేమ్. రెండోదాని పేరు ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. దాన్నీ తీసేశాం.