కుక్కకూ పిల్లికీ విషం తగిలితే: లక్షణం, కారణం, చేయాల్సింది

ముందు వాంతి సంగతి. "ఉప్పు నీళ్ళు పట్టండి" అనే సలహా ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. పట్టకండి. కుక్కకు కిలో బరువుకు 2 గ్రాముల ఉప్పు లోపలికెళ్తే అదే విషం. ఒక పెద్ద చెంచా ఉప్పు 17 గ్రాముల పైమాటే. నాలుగు కిలోల పామెరేనియన్‌కి అది ప్రాణాంతకం. చింతపండు రసం కూడా వద్దు, కారణం కింద చెప్తాం. యాసిడ్, కిరోసిన్, ఫినాయిల్ తాగినప్పుడు గానీ, మగతలోనో ఫిట్స్‌లోనో ఉన్నప్పుడు గానీ అసలు వాంతి చేయించకూడదు. యాసిడ్ పైకొస్తూ గొంతును మళ్ళీ కాలుస్తుంది, కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు మందు ప్యాకెట్టో సీసానో, కవర్లో కాస్త వాంతి పట్టుకెళ్ళండి. జంతువు బరువు, తిన్న టైము చెప్పండి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే బండి ప్రధానంగా పల్లెల్లో పశువుల కోసం. పట్నంలో రాత్రిపూట దాని మీద ఆశ పెట్టుకోకుండా, అర్ధరాత్రి కూడా తెరిచే క్లినిక్ నంబరు ముందే ఫోన్లో పెట్టుకోండి.

హుషారుగానే ఉంది, కానీ ఎలుకల బిళ్ళ కొరికింది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో వచ్చే కేకుల్లో సాధారణంగా ఉండేది బ్రోమాడియోలోన్ 0.005 శాతం. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, కానీ రక్తం గడ్డకట్టించే పదార్థాలు ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయేదాకా ఏమీ కనబడదు. మూడు నుంచి అయిదు రోజులకు నీరసం, తెల్లబడ్డ చిగుళ్ళు, దగ్గు, ఆయాసం మొదలవుతాయి. రక్తం చాలాసార్లు ఛాతీలోకి కారుతుంది కాబట్టి బయటికి చుక్క కూడా రాకపోవచ్చు.

తిని రెండు మూడు గంటలు దాటకపోతే డాక్టరు వాంతి చేయిస్తారు. దూరం ఎక్కువై ఆయనే ఫోన్లో ఇంట్లో చేయించమంటే కుక్కకు మాత్రం 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కిలోకి 1 నుంచి 2 మి.లీ., ఎంత పెద్ద కుక్కకైనా 45 మి.లీ. మించకుండా. మన మెడికల్ షాపుల్లో '20 వాల్యూమ్స్' అని ఇచ్చేది 6 శాతం. దానికి సమానంగా నీళ్ళు కలపకపోతే కడుపు పుండవుతుంది. పిల్లికి ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టకూడదు.

తర్వాత విటమిన్ కె1 దాదాపు నాలుగు వారాలు, కాస్త కొవ్వున్న తిండితో. కె3 దీనికి పనిచేయదు, చీటీ చూసుకోండి. పది రోజులకే కుక్క గెంతుతోందని మాత్రలు ఆపేస్తే మళ్ళీ రక్తం కారుతుంది. ఆఖరి మాత్ర వేసిన 48 నుంచి 72 గంటలకు పీటీ (రక్తం గడ్డకట్టే సమయం) పరీక్ష చేయించాకే అయిపోయినట్టు లెక్క.

వాంతిలో వెల్లుల్లి వాసన, కుళ్ళిన చేప కంపు

నల్లటి పొడి మందు, జింక్ ఫాస్ఫైడ్. కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. పావుగంట నుంచి నాలుగు గంటల్లో కడుపుబ్బరం, ఆయాసం, ఫిట్స్. పాలు, పెరుగన్నం పెట్టారంటే ఆమ్లం ఇంకా ఊరి వాయువు పెరుగుతుంది. విరుగుడు లేదు, కాబట్టి త్వరగా చేర్చడమే వైద్యం. ఆ గాలి మనకూ ప్రమాదమే: కారు అద్దాలన్నీ దించండి, వాంతి మీదకు వంగి వాసన చూడకండి.

నోటి నుంచి ఆగని జొల్లు

కనుపాప చూడండి. సూదిమొనంత చిన్నదై, కళ్ళ నీళ్ళు, విరేచనాలు, కండరాల అదురు కూడా ఉంటే పొలం మందు: మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ జాతి. అట్రోపిన్ ఇంజెక్షన్ పడాలి, ఆలస్యం చేయొద్దు. ఒంటి మీద కూడా పడితే చేతులకు తొడుగులేసుకుని సబ్బుతో కడగండి.

వానాకాలం రాత్రి పెరట్లోకి వెళ్ళొచ్చి ఉన్నట్టుండి నురగ కక్కుతుంటే కప్పను నోట కరిచి ఉంటుంది. మూతి కిందికి వంచి, చెంప పక్కనుంచి సన్నటి ధారతో అయిదు నుంచి పది నిమిషాలు కడిగి, తడిగుడ్డతో చిగుళ్ళు తుడవండి. నీళ్ళు గొంతులోకి పోకూడదు. వణుకో తూలుడో కనిపిస్తే ఆస్పత్రికే.

పిల్లి చిగుళ్ళు గోధుమరంగు, మొహం వాపు

ఎవరో జ్వరం మాత్ర వేశారు. పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లికి దాదాపు లేదు. కిలోకి 10 మి.గ్రా. కూడా విషమైన సందర్భాలున్నాయి. నాలుగు కిలోల పిల్లికి ఆ లెక్కన 650 మాత్రలో పదహారో వంతు చాలు. విరుగుడు అసిటైల్‌సిస్టీన్: మొదట కిలోకి 140 మి.గ్రా., తర్వాత 70 చొప్పున. ఇది మనుషుల మెడికల్ షాపులో దొరుకుతుంది. పశువుల ఆస్పత్రిలో నిల్వ లేదంటే, డాక్టరు ఏ రూపంలో కావాలో చెప్తే కొనిపెట్టండి.

పిడుదుల మందు పెట్టాక మత్తు లేదా వణుకు

కుక్క మత్తుగా, ఒళ్ళు చల్లగా, గుండె నెమ్మదిగా ఉంటే అమిట్రాజ్. 12.5 శాతం సీసా అయితే లీటరు నీటికి 2 నుంచి 4 మి.లీ. మాత్రమే. "గట్టిగా ఉంటేనే చస్తాయి" అని చిక్కగా పూయడం, ఆరేలోపు కుక్క నాక్కోవడం, తప్పు జరిగేది ఈ రెండుచోట్లే. పిల్లి వణుకుతుంటే కుక్కకో గేదెకో తెచ్చిన పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, సైపర్మెత్రిన్ తగిలిందని అర్థం. మందు పూసిన కుక్క పక్కన పడుకున్నా చాలు.

రెండింటికీ గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, దుప్పటి కప్పండి. వేడినీళ్ళతో మందు చర్మంలోకి ఎక్కువ దిగుతుంది. చన్నీళ్ళతో పిల్లికి వణుకు ముదురుతుంది. అట్రోపిన్ అమిట్రాజ్‌కి విరుగుడు కాదు, పైగా పేగుల కదలికను ఆపేస్తుంది. సీసా చూపించమనేది ఇందుకే.

వాంతులు, రెండో రోజుకి మూత్రం తగ్గింది

కిడ్నీ దెబ్బ. కుక్కల్లో ద్రాక్ష, కిస్మిస్‌లకు తోడు చింతపండు కూడా కారణమే. వీటన్నిట్లో ఉండే టార్టారిక్ ఆమ్లాన్నే అనుమానిస్తున్నారు. కుక్కలు చింతపండు తిని కిడ్నీలు పాడైన కేసులు 2022లో పశువైద్య పత్రికలో వచ్చాయి. ఇంత తింటే పర్వాలేదనే లెక్క ద్రాక్షకే లేదు. నానబెట్టిన గుజ్జు, పిండి పారేసిన పిప్పి చెత్తబుట్టలో వేస్తే మూత ఉండాలి. తిన్నట్టు తెలిస్తే అదే రోజు వాంతి, సెలైన్, మూడు రోజులు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త) పరీక్ష. పిల్లుల్లో ఇదే లక్షణానికి బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ (లిలియం) పూలను అనుమానించండి. ఒంటికంటిన పుప్పొడి నాకినా చాలు.