మోటార్‌హోమ్ రోడ్డెక్కే ముందు: టైర్లలో గాలి, యాక్సిల్ మీద బరువు

వేసవి ప్రయాణానికి మోటార్‌హోమ్ (లోపలే ఉండి, వండుకుని, పడుకునే ఇంటిలాంటి బండి) బయటికి తీసేవాళ్ళు ఏసీ పనిచేస్తోందా, ఫ్రిజ్ చల్లబడుతోందా, నీళ్ళ ట్యాంకు ఎక్కడైనా కారుతోందా అని అన్నీ వరసగా చూసుకుంటారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలితో ఒక తన్ను తన్ని, గాలి బాగానే ఉందనుకుని ఎక్కేస్తారు. 80 పిఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) ఉండాల్సిన టైరు 50కి పడిపోయినా కాలికి గట్టిగానే తగులుతుంది. కంటికి కూడా పెద్దగా తేడా కనిపించదు. గేజి పెట్టి చూస్తే తప్ప తెలియదు.

గేజి ఉంటే చాలదు. ఎంత గాలి పెట్టాలో తెలియాలంటే, ఆ టైరు ఎంత బరువు మోస్తోందో ముందు తెలియాలి. చాలామంది గాలి పెట్టించేసి బరువు సంగతి వదిలేస్తారు. అందుకే ముందు బరువు గురించి మాట్లాడుకుందాం.

స్టిక్కర్ మీద ఉండే అంకెలు

డ్రైవర్ తలుపు దగ్గరో, బానెట్ కిందో కంపెనీ అంటించిన ప్లేట్ ఉంటుంది. సామాను, మనుషులు, నీళ్ళు, ఇంధనం అన్నీ కలిపి బండి ఎంత మించకూడదో అందులో ఉంటుంది. దాన్ని జీవీడబ్ల్యూఆర్ అంటారు. ముందు యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి), వెనక యాక్సిల్‌కి విడివిడిగా ఉండే పరిమితి జీఏడబ్ల్యూఆర్. వెనక కారో, ట్రైలరో లాగేవాళ్ళకి రెండూ కలిపిన పరిమితి ఇంకొకటి ఉంటుంది.

తికమక పడేది ఇక్కడే. 3,500 కిలోల బండికి ముందు యాక్సిల్ 1,850, వెనక యాక్సిల్ 2,000 అని రాసి ఉంటుంది. రెండూ కలిపితే 3,850. అంటే ఇంకో 350 కిలోలు ఎక్కించవచ్చని కాదు, మొత్తం 3,500 దాటకూడదు. బరువు కాస్త ముందుకో వెనక్కో జరిగినా సర్దుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. అసలు ప్రమాదం మొత్తం బరువు 3,450 దగ్గర ఆగి, వెనక యాక్సిల్ మీద 2,150 పడినప్పుడు. మొత్తం లెక్క చూసుకుని నిశ్చింతగా ఉంటారు, వెనక టైర్లు మాత్రం లోపల్లోపల కాలిపోతుంటాయి.

కొన్న తర్వాత బిగించిన సోలార్ ప్యానెల్, రెండో బ్యాటరీ, పక్కన తీసే టెంటు లాంటివన్నీ మిగిలిన బరువులోంచే తినేస్తాయి. కంపెనీ కాగితంలో రాసిన ఖాళీ బరువు ఈ బళ్ళలో ఏనాడూ నిజం కాదని అనుకుని మొదలుపెట్టడమే నయం.

వెనక వేలాడే బరువు

వెనక యాక్సిల్ దాటి తోకలా పొడుగ్గా బయటికి వచ్చే బాడీ మోటార్‌హోమ్‌లలో మామూలే. ఆ తోక చివర ర్యాక్ బిగించి 100 కిలోల స్కూటర్ ఎక్కించారనుకోండి. రెండు యాక్సిళ్ళ మధ్య దూరం 4 మీటర్లు, స్కూటర్ వెనక యాక్సిల్‌కి 2 మీటర్ల అవతల ఉంది. ఇది ఏతాం లెక్క. వెనక యాక్సిల్ మీద పెరిగేది 100 కాదు, 150 కిలోలు. ముందు యాక్సిల్ మీద 50 కిలోలు తగ్గుతుంది. ముందు తేలికైతే స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది, గాలి వాటుకి బండి పక్కకి లాగుతుంది. ముందు చక్రాలతో నడిచే బండి అయితే తడి నేల మీద, గడ్డి మీద చక్రాలు అక్కడికక్కడే తిరుగుతాయి.

కాబట్టి బరువైన సామాను రెండు యాక్సిళ్ళ మధ్యలో, ఎంత కింద వీలైతే అంత కింద. వెనక డిక్కీలో కుర్చీలు, దుప్పట్ల లాంటి తేలికవి. పై అల్మరాల్లో గాజు సీసాలు, డబ్బాల ఆహారం నింపడం మానండి.

నీళ్ళ సంగతి చాలామందికి తట్టదు. లీటరు నీళ్ళు కిలో బరువు. 100 లీటర్ల మంచినీళ్ళు వాడేస్తే బండి 100 కిలోలు తగ్గిపోదు, వాటిలో చాలా భాగం మురికినీళ్ళ ట్యాంకులోకి చేరుతుంది. మంచినీళ్ళ ట్యాంకు మధ్యలో ఉండి, మురికినీళ్ళది తోకలో ఉంటే, రెండ్రోజుల్లో బరువు దానంతటదే వెనక్కి జరిగిపోతుంది. మీ బండిలో ఏ ట్యాంకు ఎక్కడుందో ఒకసారి కిందికి వంగి చూడండి. వీలున్న ప్రతిచోటా మురికినీళ్ళు ఖాళీ చేసుకుని బయల్దేరండి.

కాటా వేయించడం

లారీలు తూచే వేబ్రిడ్జికి బండిని తీసుకెళ్ళాలి, అదీ ఖాళీగా కాదు. ప్రయాణానికి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే: ట్యాంకు నిండా ఇంధనం, నీళ్ళు, గ్యాస్ సిలిండర్, సామాను, ఎక్కేవాళ్ళందరూ సీట్లలో.

మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూకం తీసుకోండి. తర్వాత బండి మొత్తం. ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే. ముందు, వెనక తూకాలు కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాటా పళ్ళెం, పక్క నేల ఒకే ఎత్తులో లేవని అర్థం. బండి వంగి ఉంటే తూకం తప్పుతుంది. పళ్ళేనికి పక్కన సమంగా ఉన్న నేల ఉంటే, ఎడమ చక్రాలు మాత్రమే, కుడి చక్రాలు మాత్రమే పెట్టి కూడా చూడాలి. వంటగట్టు, ఫ్రిజ్, ట్యాంకు మూడూ ఒకే వైపు వచ్చిన బళ్ళకి ఇది తప్పనిసరి.

ఉదాహరణకి ఇంకో పెద్ద బండికి వెనక యాక్సిల్ మొత్తం 3,900 కిలోలు వచ్చింది. విడదీసి చూస్తే ఎడమ 2,080, కుడి 1,820. వెనక ఒక్కో వైపు రెండేసి టైర్లు ఉంటే, సగటున టైరుకి 975 అని సరిపెట్టుకోకూడదు. ఎడమ వైపు ఒక్కో టైరు మోస్తున్నది 1,040. లెక్కకి ఆ అంకే తీసుకోవాలి.

ఎంత గాలి?

టైరు పక్కన అచ్చు వేసిన పిఎస్ఐ చాలామంది అనుకున్నట్టు మీరు పెట్టాల్సిన గాలి కాదు. ఆ టైరు తన గరిష్ఠ బరువు మోయడానికి కావాల్సిన గాలి అది. టైరు కంపెనీలు ఏ సైజుకి, ఎంత బరువుకి, ఎంత గాలి కావాలో పట్టికలు ఇస్తాయి. అందులో రెండు వరసలుంటాయి: ఒక వైపు ఒకే టైరు ఉంటే ఒకటి, జంటగా ఉంటే ఇంకొకటి. జంటలో ఒక్కో టైరు సామర్థ్యం తక్కువ. ఎల్‌టీ 225/75 ఆర్16 టైరు మీద 115/112 అని బరువు కోడ్ ఉంటే, ఒంటరిగా 1,215 కిలోలు, జంటలో 1,120 కిలోలు అని. పైన చెప్పిన 1,040 దానికి లోబడే ఉంది. పట్టికలో జంట వరసలో 1,040కి సరిపడే గాలి చూసి, అదే యాక్సిల్ మీద నాలుగు టైర్లకీ సమానంగా పెట్టాలి. తేలిక వైపు తగ్గించవద్దు.

పట్టికలో వచ్చిన దానికి ఒక 5 పిఎస్ఐ కలుపుకోవడం మంచి అలవాటు, రిమ్ మీద, టైరు మీద రాసిన గరిష్ఠం దాటనంత వరకు. కాటా వేయించే వీలు లేకపోతే స్టిక్కర్ మీద బండి కంపెనీ చెప్పిన గాలి పెట్టండి. ఊహించి తగ్గించడం మాత్రం వద్దు.

గట్టి టైర్లు వేసుకుంటే యాక్సిల్ ఎక్కువ మోస్తుందని కొందరు వాదిస్తారు. టైరు, రిమ్, కమాన్లు, బ్రేకులు, యాక్సిల్ వీటిలో ఏది బలహీనమో దానిదే పరిమితి. టైరు మార్చినంత మాత్రాన స్టిక్కర్ మీది అంకె మారదు.

గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ ఎక్కువగా మడత పడి విచ్చుకుంటాయి. ఆ మడతల్లోంచి వేడి పుడుతుంది, వేడికి లోపలి పొరల పట్టు సడలుతుంది. టైరు పేలిన చోట గుంతో మేకో ఉండాలనేం లేదు, దెబ్బ అంతకుముందే పడిపోయి ఉంటుంది. గాలి మరీ ఎక్కువైతే టైరు మధ్యలో అరుగుతుంది, నేల మీద పట్టు తగ్గుతుంది, గుంతలో పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. రెండిట్లో తక్కువ గాలే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం.

ఎప్పుడు చూడాలి

పొద్దున్నే, బండి కదలకముందు, ఎండ పడకముందు. కనీసం మూడు గంటలు ఆగిన బండి అయితేనే అది చల్లటి గాలి లెక్క. 80 పిఎస్ఐ టైరులో వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ మారితే సుమారు 3 పిఎస్ఐ తేడా వస్తుంది. చలి కొండ ఊరు నుంచి మైదానానికి దిగినా, చలికాలంలో పెట్టిన గాలితో వేసవిలో బయల్దేరినా మళ్ళీ చూసుకోవాలి.

దారిలో చూస్తే 80 కాస్తా 90 దాటి కనిపించవచ్చు. కంగారుపడి గాలి వదిలేయకండి. పట్టికలో ఉన్న అంకెలు చల్లటి టైరువి, ఈ పెరుగుదల లెక్కలో ముందే ఉంది. వేడి మీద వదిలితే చల్లబడ్డాక తక్కువ గాలితో తిరుగుతారు.

జంట టైర్లున్న బండిలో లోపలి టైరుని ఎవరూ చూడరు, చెయ్యి పట్టదు కాబట్టి. అది మెత్తబడితే పక్కది రెండిటి బరువూ మోస్తుంది, పైకి బండి నిటారుగానే కనిపిస్తుంది. తల రెండు వైపులా ఉండే పొడుగు గేజి కొనండి, అది 100 పిఎస్ఐ దాటి చూపించాలి. ఉండాల్సిన గాలిలో 80 శాతానికో అంతకంటే తక్కువకో పడిపోయి నడిచిన టైరుని గాలి కొట్టేసి వాడకూడదు. రిమ్ నుంచి ఊడదీసి లోపల చూపించాలి. వాల్వులు కూడా చూడండి: మామూలు కారు రబ్బరు వాల్వులు చాలావరకు 65 పిఎస్ఐ వరకే. అంతకంటే ఎక్కువ గాలి పెట్టే బండికి లోహపు వాల్వులు ఉండాలి. పెట్రోల్ బంకుల్లో కొన్ని గాలి మెషీన్లు 80 దాకా వెళ్ళనే వెళ్ళవు, అదీ ముందే కనుక్కోండి.

వయసు, రోడ్డు

మోటార్‌హోమ్ టైర్లు అరిగి పోవడం అరుదు, ఎక్కువగా ముసలివై పోతాయి. టైరు పక్కన అచ్చు వేసిన డాట్ (DOT) అక్షరాల వరస చివర, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదేళ్ళు దాటితే ఏటా మెకానిక్‌కి చూపించాలి, పదేళ్ళు దాటితే టైరు మీది బటన్లు (నేలకి తగిలే రబ్బరు గడులు) ఎంత నిండుగా ఉన్నా మార్చేయాలి. పక్కల్లో సన్నటి పగుళ్ళు కనిపిస్తే పదేళ్ళ దాకా ఆగక్కర్లేదు.

టైర్ల గాలి చూపించే సెన్సర్లు పెట్టించుకుంటే మంచిదే, వాటి హెచ్చరికని చల్లటి గాలికి ఓ 10 శాతం కిందన పెట్టుకోండి. బండి సమంగా నిలబెట్టడానికి చెక్క దిమ్మల మీదికి ఎక్కిస్తే, జంట టైర్లు రెండూ దిమ్మ మీద ఉండాలి. ఒక్కటే ఎక్కితే రాత్రంతా ఆ ఒక్కటే మోస్తుంది.

టైరు పేలిందా, బ్రేకు జోలికి వెళ్ళకండి. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ ఒక్క క్షణం నొక్కి బండి తిన్నగా పోయేలా చూడండి. పట్టు దొరికాక కాలు మెల్లగా తీసి, వేగం దానంతటదే తగ్గాక పక్కకి తీయండి. స్టెప్నీ అసలు ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి, కొన్ని బళ్ళలో కంపెనీ ఇవ్వదు. చక్రం మార్చినవాళ్ళు 80 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఆగి, నట్లు టార్క్ రెంచితో (ఎంత బిగువు పడిందో చూపించే పానాతో) మళ్ళీ బిగించాలి.