హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) కాలనీలో హ్యామ్ రేడియో యాంటెన్నా: తీగ కట్టే ముందు జాగ్రత్తలు

– అమెరికాలో ఇల్లు కొంటున్న హ్యామ్ (అభిరుచిగా రేడియో నడిపే) మిత్రులారా, సంతకం పెట్టకముందే సీసీ అండ్ ఆర్స్ (కాలనీ షరతుల) కాగితాలు పూర్తిగా చదవండి. బయటి యాంటెన్నాల గురించి ఒక్క వాక్యమే ఉండొచ్చు, అదే మన కొంప ముంచుతుంది.

– ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉందని ధీమా పడొద్దు. హ్యామ్ యాంటెన్నాలకు రక్షణగా ఎఫ్‌సీసీ ఇచ్చిన 1985 నాటి పీఆర్‌బీ-1 ఉత్తర్వు ఊరు, కౌంటీ, రాష్ట్రం పెట్టే నిబంధనలకే వర్తిస్తుంది. మీరు ఒప్పుకున్న హెచ్‌ఓఏ షరతుల జోలికి అది పోదు. పక్కింటి టీవీ డిష్ చూపించి వాదించినా లాభం లేదు, దాన్ని కాపాడే రూల్ వేరు.

– హెచ్‌ఓఏ అనుమతి నోటిమాటగా వద్దు, రాతలో తీసుకోండి.

– అటకలో కట్టాలనుకుంటే ముందు టార్చిలైటు వేసి పైకప్పు లోపలి వైపు చూడండి. వెండిలా మెరిసే రేకు పొర ఉంటే సిగ్నల్ బయటికి పోదు, శ్రమంతా వృథా. లేకపోతే అదృష్టమే: 20 మీటర్ల బ్యాండు (ఆ 20 మీటర్లు తరంగం పొడవు) డైపోల్‌కి, అంటే మధ్యలో కేబుల్ కలిపే రెండు సమాన తీగల యాంటెన్నాకి, అందులో సగం, సుమారు 33 అడుగులు చాలు. కరెంటు వైర్లకు, ఏసీ గొట్టాలకు ఎడంగా లాగండి. కింద పిల్లల పడకగది ఉంటే రేడియేషన్ లెక్క వేసుకున్నాకే ట్రాన్స్‌మిట్ చేయండి.

– బయట చెట్టుకు కడితే, తీగ తెగిపడినా కరెంటు లైనును తాకనంత దూరం ఉండాలి. ఇందులో రాజీ పడకండి.