ఒక్క డెస్క్‌టాప్ మాత్రం ఆఫ్‌లైన్

హనుమకొండలో మా ఆఫీసు కంప్యూటర్లన్నీ ఫ్లీట్‌లో, అంటే మెషీన్లన్నిటినీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో, కనిపిస్తాయి. లోపల పనిచేసేది ఓఎస్‌క్వెరీ, 2014లో ఫేస్‌బుక్ బయటపెట్టిన ఓపెన్ సోర్స్ టూల్. ఏ మెషీన్‌లో ఏముందో డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో అడిగితే చెబుతుంది.

అకౌంట్స్‌లోని పాత డెస్క్‌టాప్ మాత్రం సోమవారం నుంచి ఆఫ్‌లైన్. పింగ్ బాగానే వెళ్తోంది, అంటే నెట్‌వర్క్ ఉంది. ఫ్లీట్‌కు సమాచారం పంపే ప్రోగ్రామ్‌ను, అంటే ఏజెంట్‌ను, తీసేసి మళ్లీ ఎక్కించా, ఫ్లీట్‌లో చేరడానికి వాడే ఎన్‌రోల్ సీక్రెట్ సరిచూశా. రెండు గంటలు దండగ. ముందే లాగ్ తెరవాల్సింది! అందులో సర్టిఫికెట్ ఎర్రర్, అంటే ఫ్లీట్ సర్వర్ చూపే గుర్తింపు పత్రాన్ని ఈ మెషీన్ ఒప్పుకోవట్లేదు.

"కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి తేదీ తప్పు చూపిస్తంది సార్," అంది అకౌంట్స్ మేడమ్, తాపీగా.

గడియారం 2015లో ఉంది. ఆ లెక్కన మా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లను ఒకేచోట నుంచి నడిపే విండోస్ ఏర్పాటు) లేని విండోస్, తేడా 15 గంటలు దాటితే మామూలుగా టైమ్ దిద్దుకోదు. చౌరస్తాలో, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే సీఆర్2032 బటన్ సెల్ కొని మదర్‌బోర్డులో మార్చా, బయోస్‌లో తేదీ సరిచేశా. చాయ్ తాగి వచ్చేసరికి ఆన్‌లైన్.