సంస్కరణ వార్త చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ ముడి ముందు విప్పాలి?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. అప్పుల సంక్షోభంలో చిక్కుకున్న గ్రీస్ జీడీపీ (దేశం ఏడాదిలో చేసే మొత్తం ఉత్పత్తి విలువ) 2008 నుంచి 2013 నాటికి దాదాపు నాలుగో వంతు పడిపోయింది కదా, మళ్లీ పాత చోటికి రావాలంటే ఎంత శాతం పెరగాలి అని అడిగాను. 25 అని రాసినవాళ్లు ఇంకోసారి వేసి చూడండి. 100లో 25 పోతే మిగిలింది 75. ఆ 75 మీద 25 పెరగాలంటే 33 శాతం పైచిలుకు కావాలి. ఏడాదికి 2 శాతం చొప్పున పెరిగితే పద్నాలుగేళ్లు దాటుతుంది. అదే 3 శాతమైతే పదేళ్లలోపే. ఆ ఒక్క శాతం అంటే ఒక తరం పిల్లలకు ఉద్యోగం దొరకడమా, దొరక్కపోవడమా అన్నంత తేడా.

ఆ పెరుగుదల కోసం ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టి గిరాకీ పెంచడం ఉద్దీపన. రూల్ మార్చి దారి తెరవడం నిర్మాణాత్మక సంస్కరణ. ఈ తేడా 2వ పాఠంలో చెప్పుకున్నాం. ఇవాళ రూల్ లోపలికి వెళ్దాం.

ఒక పాల ప్యాకెట్ తీసుకోండి. గ్రీస్‌లో పాశ్చరైజ్ చేసిన పాలను ‘తాజా పాలు’ అని అమ్మాలంటే గడువు ఐదు రోజులు మించకూడదని చట్టం ఉండేది. చూడ్డానికి జనం ఆరోగ్యం కోసం పెట్టినట్టే ఉంటుంది. కానీ ఆ ప్యాకెట్ వెంట మీరూ నడవండి. డెయిరీలో ప్యాక్ చేసి, లారీ ఎక్కించి, ఓడలో దీవికి చేర్చి, దుకాణంలో పెట్టేసరికే గడువులో కొంత కరిగిపోతుంది. అమ్ముడుపోనివి వెనక్కి వస్తాయి. ఆ నష్టం ధరలో కలుస్తుంది. ఇక దూరదేశం నుంచి వచ్చే పాలకైతే దారి మూసుకున్నట్టే. 2013లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) నిపుణులు ఆహారం, చిల్లర వర్తకం, భవన సామగ్రి, పర్యాటకం అనే నాలుగు రంగాల చట్టాలను జల్లెడ పట్టి ఇలాంటి అడ్డంకులు 555 తేల్చారు. పాల గడువు 2014లో ఏడు రోజులైంది. పాడి రైతులు గట్టిగా వ్యతిరేకించారు. బయటి పాలు వస్తే తమ పాల రేటు పడిపోతుందన్న వాళ్ల భయం ఉత్తిది కాదు.

కాబట్టి వార్త చదివేటప్పుడు మొదటి ప్రశ్న: ఈ రూల్ వల్ల ఎవరు లోపలికి రాలేకపోతున్నారు? ఆ వెంటనే రెండోది: తీసేస్తే ఎవరి చేతిలోది పోతుంది?

రెండో ప్రశ్నకు లారీల కథే జవాబు. గ్రీస్‌లో 1970ల నుంచి సరుకు లారీలకు కొత్త లైసెన్సులు దాదాపు ఆగిపోయాయి. పాత లైసెన్సు కావాలంటే ఉన్నవాడి దగ్గర భారీ ధరకు కొనుక్కోవాల్సిందే. మనకిది కొత్త కాదు. 1991 జులై 24న పి.వి. ప్రభుత్వం 18 రకాల పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు ఎత్తేసేదాకా మనమూ అలాగే బతికాం. 2010లో గ్రీస్ ప్రభుత్వం లారీల రంగాన్ని తెరుస్తామనగానే సమ్మె మొదలైంది. జులై నెల, పర్యాటకుల సీజన్. పెట్రోలు బంకులు ఖాళీ అయ్యాయి. అప్పు చేసి లైసెన్సు కొన్న డ్రైవర్‌కి అది చిత్తుకాగితం అవుతుందంటే ఎంత టెన్షన్! అయినా ఆ రూల్ పోవాల్సిందే, ఎందుకంటే ఆ భారం ప్రతి ఇంటి సరుకుల బిల్లులోనూ పడుతోంది. నష్టపోయేవాడికి కొంత ఊపిరి ఇవ్వకుండా తీసేయడం మాత్రం తప్పు.

ఇక మూడో ప్రశ్న, అందరూ మర్చిపోయేది: దీనికి ముందు ఏం జరిగింది?

2012 ఫిబ్రవరిలో గ్రీస్‌లో కనీస వేతనాన్ని 22 శాతం తగ్గించారు. నెలకు 751 యూరోలు ఉన్నది 586 అయింది. పాతికేళ్లలోపు వాళ్లకైతే 32 శాతం కోత. జీతాలు తగ్గితే ఎగుమతులు చవకై పుంజుకుంటాయని గ్రీస్‌కు అప్పిచ్చిన యూరప్ దేశాలు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వాదన. కానీ పాలు, మందులు, రవాణా లాంటి రంగాల్లో తలుపులు ఇంకా సగం మూసే ఉన్నాయి. జీతం తగ్గినంత వేగంగా ధరలు తగ్గలేదు. చేతిలో డబ్బు లేక జనం కొనడం మానేశారు, దుకాణాలు మూతపడ్డాయి. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. ముందు సరుకుల మార్కెట్లు తెరిచి, ధరలు దిగాక వేతనాల జోలికి వెళ్లుంటే దెబ్బ ఇంత లోతుగా తగిలేది కాదని నా గట్టి నమ్మకం. మందు మంచిదైనా పరగడుపున వేసుకోవాల్సింది అన్నం తిన్నాక వేసుకుంటే పనిచేయదు కదా.

ఈ వారం అభ్యాసం. గ్రీస్‌లో డాక్టర్ చీటీ అక్కర్లేని తలనొప్పి మాత్ర కూడా మందుల షాపులోనే అమ్మాలని రూల్ ఉండేది. దాన్ని సడలిస్తున్నారని వార్త వచ్చిందనుకోండి. నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలకూ ఒక్కో వాక్యం జవాబు రాయండి. నాలుగో వాక్యం, మందుల షాపు లేని చిన్న దీవిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ వైపు నుంచి రాయండి. ఐదోది, పక్క దీవిలో షాపు నడుపుకునే ఆయన వైపు నుంచి. వచ్చే పాఠం ఈ ఐదు వాక్యాలతోనే మొదలుపెడదాం.