ఎండలు ముదరకముందే మందుల డబ్బా ఒకసారి చూడండి

బెజవాడలో ఎండలు మొదలయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్లు బీపీ, ప్రొస్టేట్, వణుకు మందులు వాడుతుంటే ఇవి తప్పక చూసుకోండి.

బీపీ మందులు అటెనొలాల్, మెటొప్రొలాల్ సొంతంగా ఆపొద్దు. ఎండాకాలంలో బీపీ కాస్త తగ్గింది కదా అని చాలామంది ఆపేస్తారు. అలా ఆపితే, ఇన్నాళ్లూ మందు అడ్డుకున్న బీటా రిసెప్టార్లు (గుండె వేగాన్ని పెంచే మీటల్లాంటివి) ఒక్కసారిగా రెచ్చిపోతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. డోసు తగ్గించాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. క్లోనిడిన్ అనే బీపీ మందు కూడా అంతే, ఆపితే బీపీ ఎగబాకుతుంది.

వణుకుకు వాడే ట్రైహెక్సిఫెనిడిల్, మాటిమాటికీ మూత్రం వస్తుంటే వాడే ఆక్సిబ్యుటినిన్ చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి.

ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్, బీపీకి ప్రజోసిన్ వాడేవాళ్లు గబుక్కున లేవొద్దు, బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. మా బాబాయి రాత్రి బాత్రూమ్‌కని లేచి గడప దగ్గరే కూలబడ్డారు. ఇప్పుడు మంచం అంచున నిమిషం కూర్చున్నాకే లేస్తున్నారు. శుక్లాల ఆపరేషన్ ఉంటే టామ్సులోసిన్ సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఉబ్బసం ఉంటే బీపీకి, వణుకుకు ఇచ్చే ప్రొప్రనలాల్ మాత్రే కాదు, కంటిలో ఒత్తిడి తగ్గించే టిమొలాల్ చుక్కలు కూడా ప్రమాదమే. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి.