ఫ్రిజ్ పాఠాలు – 3: లోపల ఏది, బయట ఏది?

గత పాఠంలో థర్మామీటరు పెట్టి ఏ అర ఎంత చల్లగా ఉందో చూసుకున్నాం. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. ఇంకా చూసుకోనివాళ్లు ముందు ఆ పని కానివ్వండి. ఈరోజు పాఠమంతా ఆ అంకెల మీదే నడుస్తుంది. చేతిలో ఉన్న వస్తువు ఫ్రిజ్‌లోకి వెళ్లాలా, వద్దా అన్నది ఎవర్నీ అడక్కుండా తేల్చుకోవడం ఇవాళ నేర్చుకుంటాం.

దీనికి జాబితాలు బోలెడు దొరుకుతాయి. అయితే జాబితాలో లేని వస్తువు ఇంట్లోకి రాగానే వాటి పని అయిపోతుంది. అందుకే జాబితా బదులు ఒక ప్రశ్న అలవాటు చేసుకోండి: దీన్ని పాడుచేసేది ఏది? జవాబు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింట్లో ఒకటే అవుతుంది. సూక్ష్మజీవులు, గాలి, తేమ, లేదా ఆ వస్తువులో ఇంకా సాగుతున్న ప్రాణక్రియ. మొదటి రెండింటికీ చలి మంచి మందు. తేమకు మందు కాకపోగా ఒక్కోసారి కారణమే చలి. నాలుగోదే అసలు తిరకాసు.

సూక్ష్మజీవులతో మొదలుపెడదాం. పాలు, మాంసం, చేపలు, వండిన పదార్థాలు, కోసిన పండ్లు ఈ కోవలోవే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. అందుకే వండినది బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. గది 32 డిగ్రీలు దాటితే గంటే. ఇక్కడ చాలామంది ఒకటి మరిచిపోతారు: ఫ్రిజ్ క్రిముల్ని చంపదు, వాటి పెరుగుదలను నెమ్మది చేస్తుందంతే. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా నింపాదిగా పెరుగుతుంది. వండిన అన్నం సంగతి ఇంకాస్త గట్టిది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పాటి గిన్నెలో పలచగా పరిచి, ఆవిరి తగ్గగానే లోపల పెట్టేయండి. పూర్తిగా చల్లారేదాకా ఆగక్కర్లేదు.

చూడ్డానికి అమాయకంగా ఉండి ఇదే కోవలోకి వచ్చేది ఇంకోటి ఉంది: ఇంట్లో నూనెలో నానబెట్టిన వెల్లుల్లి. వెల్లుల్లి ఒక్కటే బయట ఉండొచ్చు, నూనె ఒక్కటే బయట ఉండొచ్చు. రెండూ కలిస్తే మాత్రం గాలి తగలని చోటు ఏర్పడి, బొట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధ కలిగించే బ్యాక్టీరియాకు అనుకూలమవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టాలి, నాలుగు రోజుల్లో వాడేయాలి. విడివిడిగా బయట ఉండే వస్తువుల్ని కలిపినప్పుడు ప్రశ్న మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

ఇప్పుడు నాలుగో కోవ. కోసుకొచ్చాక కూడా పండూ, దుంపా బతికే ఉంటాయి. ఊపిరి తీస్తాయి, మాగుతాయి, మొలకెత్తుతాయి. చల్లటి ప్రాంతాల్లో పుట్టిన యాపిల్, క్యారెట్, క్యాబేజీ లాంటివి చలిలో హాయిగా నిద్రపోతాయి. వేడి ప్రాంతాల మొక్కలకు ఆ చలి గాయమే. అరటికి సుమారు 13 డిగ్రీల కంటే తక్కువ పడదు, తొక్క నల్లబడుతుంది, కాయగా ఉంటే ఇక సరిగ్గా మాగదు. బాగా పండిన అరటిని లోపల పెట్టుకోవచ్చు. తొక్క నల్లబడుతుందే గానీ లోపలి గుజ్జు రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. దోసకాయ 10 డిగ్రీల లోపు ఎక్కువ రోజులుంటే పైన నీటి మచ్చలు పడి జిగటగా అవుతుంది.

టమాటా గురించి ఇళ్లలో తగవులే జరుగుతాయి. చలికి దాని వాసనను తయారుచేసే జన్యువులు పని మానేస్తాయని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. వారం పాటు 5 డిగ్రీల్లో ఉంచి బయటికి తీసినా ఆ వాసన పూర్తిగా తిరిగి రాలేదు. పచ్చిగా తినే టమాటాలకు ఈ లెక్క ముఖ్యం. ఉడికించేవైతే, అందులోనూ మెత్తబడిపోతున్నవైతే, నేను లోపలే పెడతాను. వాసన కాస్త తగ్గినా పర్లేదు, చెత్తబుట్టలోకి పోవడం కంటే నయం.

బంగాళాదుంపకు చలి తగిలితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అలాంటి దుంపను ఎక్కువ మంట మీద వేయిస్తే త్వరగా నల్లబడుతుంది, అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా పెరగొచ్చు. అమెరికా ఆహార సంస్థ ఎఫ్‌డీఏ ఇందుకే ఫ్రిజ్ వద్దంటుంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ మాత్రం ఇంట్లో నిల్వచేసే పద్ధతికి చెప్పుకోదగ్గ తేడా రాదంటూ 2023లో తన సలహా మార్చుకుంది. నా పద్ధతి ఏంటంటే, వేపుడుకైతే చీకటిగా, గాలి ఆడే చోట బయట. ఉడకబెట్టుకోవడానికైతే ఎక్కడైనా సరే. ఉల్లిపాయల పక్కన మాత్రం వద్దు, రెండూ త్వరగా పాడవుతాయి.

గుడ్ల విషయంలో దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది. అమెరికాలో కడిగి అమ్ముతారు, పైపొర పోతుంది కాబట్టి ఫ్రిజ్ తప్పనిసరి. యూరప్‌లో కడక్కుండా అమ్ముతారు. ఎక్కడున్నా ఒకటి గుర్తుంచుకోండి: ఒకసారి చల్లబడిన గుడ్డును బయట వదిలేయకూడదు. పెంకు మీద చెమ్మ పట్టి, దాంతోపాటే క్రిములు లోపలికి దిగుతాయి.

గాలి పాడుచేసేవి త్వరగా చూసేద్దాం. నూనె ఎక్కువున్న గింజలు, అవిసె నూనె, ముడి గోధుమ పిండి ఎక్కువకాలం ఉంచాలంటే ఫ్రిజ్ మంచిది. బ్రెడ్‌కు ఫ్రిజ్ శత్రువు. ఆ చలిలో పిండిపదార్థం మరింత వేగంగా గట్టిపడుతుంది. బయట ఉంచండి, లేదంటే నేరుగా ఫ్రీజర్‌లో పెట్టండి. తేనె పాడవదు, లోపల పెడితే గడ్డకడుతుందంతే. కాఫీ పొడి తేమనూ, పక్కవాటి వాసననూ పీల్చుకుంటుంది కాబట్టి బయటే.

తిండి కానివాటికీ ఇదే ప్రశ్న, కానీ వీటిలో మొదట మందులు. ఇక్కడ ఊహకు చోటు లేదు, లేబుల్ మీద ఉన్నదే మాట. పొడిలో నీళ్లు కలిపి ఇచ్చే రెండు సిరప్‌లు తీసుకోండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ కలిపాక ఫ్రిజ్‌లో ఉండాలి. క్లారిత్రోమైసిన్ పెట్టకూడదు, చిక్కబడిపోతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వెనక గోడకు ఆనిస్తే గడ్డకట్టొచ్చు. గడ్డకట్టి కరిగింది మామూలుగానే కనిపించినా పారేయాల్సిందే. డోర్ ర్యాక్ కూడా వద్దు, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. మధ్య అరలో, మూత ఉన్న డబ్బాలో పెడితే టెన్షన్ ఉండదు.

బ్యాటరీలను లోపల పెట్టడం పాత అలవాటు. ఇప్పటి ఆల్కలైన్ బ్యాటరీలు గది వేడిలో ఏళ్ల తరబడి బాగుంటాయి, లోపల పెడితే చెమ్మ పట్టడం తప్ప ఒరిగేదేం లేదు. విత్తనాలు, ఫొటో ఫిల్మ్, తెరవని సూపర్ గ్లూ లోపల నిజంగానే ఎక్కువకాలం ఉంటాయి. గాలి చొరని డబ్బాలో పెట్టాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, లేకపోతే చల్లటి వస్తువు మీద గాలిలోని తేమ నీరై దిగుతుంది. థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి మాత్రం ఎన్నడూ వద్దు. వాటి ఆవిరి లోపల పోగవుతుంది, స్విచ్ దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది.

అభ్యాసం. వీటికి ప్రశ్న వేసి ముందు మీ జవాబు రాసుకోండి: సగం కోసిన ఉల్లిపాయ, కాయగా ఉన్న అవకాడో, తెరిచిన డ్రై ఈస్ట్ ప్యాకెట్, వెనిగర్, డాక్టరు రాసిచ్చిన కంటి చుక్కలు.

ఇప్పుడు సరిచూసుకోండి. కోసిన ఉల్లిపాయ క్రిముల కోవలోకి మారిపోయింది, మూత డబ్బాలో లోపలికి. అవకాడో పండేదాకా బయట, పండాక లోపల. ఈస్ట్‌కు గాలీ తేమా రెండూ పడవు, బిగుతు డబ్బాలో లోపల. వెనిగర్ పులుపే దానికి కాపలా, బయటే. కంటి చుక్కలకు జవాబు రాసినవాళ్లు తప్పినట్టే. కొన్ని సీలు తీసేదాకా ఫ్రిజ్‌లో, తీశాక బయట ఉండాల్సినవి. కొన్ని మొదటి నుంచీ బయటే ఉండాల్సినవి. అక్కడ రాయాల్సింది "లేబుల్ చూస్తాను" అని.

నాలుగో పాఠం ఫ్రీజర్ గురించి. ఈలోగా మీ డోర్ ర్యాక్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసి ఇదే ప్రశ్న వేయండి. పాలు అక్కడుంటే లోపలి అరకు మార్చండి.